నిలబడని చోటు నుంచి చూపు

గచ్చిబౌలిలో మా ఆఫీసు ఆరో అంతస్తు. కిటికీలోంచి చూస్తే అద్దాల బిల్డింగులు, వాటి మధ్య ఎలాగో మిగిలిపోయిన రెండు మూడు బండరాళ్ళు. నా పని లేజర్ స్కానింగ్ డేటాతో. ఫీల్డు టీమ్ సైటుకి వెళ్ళి ట్రైపాడ్ మీద స్కానర్ పెడుతుంది. అది చుట్టూ తిరుగుతూ కాంతిని విసురుతుంది, తగిలి వెనక్కొచ్చిన ప్రతి చోటినీ ఒక చుక్కగా రాసుకుంటుంది. తర్వాత దాన్ని ఎత్తి ఇంకో చోట పెడతారు. అలా ముప్ఫై నలభై చోట్ల. ఒక్కో చోటిని స్టేషన్ అంటాం. ఆ ముక్కలన్నీ అతికి ఒకే పాయింట్ క్లౌడ్ చేయడం నా డ్యూటీ.

చివర్లో క్లయింటుకి ఒక వీడియో ఇవ్వాలి. సర్వే దారి వెంట ఒక గీత గీస్తాం, దాని మీద కెమెరాని నడిపిస్తాం. సెకనుకి 30 ఫ్రేముల చొప్పున అర నిమిషం వీడియోకి 900 బొమ్మలు. అవన్నీ సాఫ్ట్‌వేరే తయారుచేసుకుంటుంది. మనం చెప్పాల్సింది దారి ఎటు, వేగం ఎంత, చూపు ఏ వైపు అన్నవి మాత్రమే.

ఆ "మాత్రమే" దగ్గరే నాకు ఇబ్బంది మొదలైంది.

ఒక సైటు. ఊరి పేరు, కంపెనీ పేరు అనవసరం. మధ్యలో రాళ్ళ గుట్ట. దాని వెనక ఒక వేపచెట్టు, చెట్టు కింద పసుపు పూసి బొట్లు పెట్టిన రాయి ఉందని ఫీల్డు కుర్రాడు చెప్పాడు. పోచమ్మ. టైము చాలక గుట్ట వెనక స్టేషన్ పెట్టలేదట. అందుకని డేటాలో చెట్టు కొమ్మలు కొన్ని వచ్చాయి గానీ రాయి రాలేదు. కాంతి గుట్టని దాటి వెళ్ళదు కదా. అక్కడ నల్లగా ఒక ఖాళీ. దాన్ని మేం నీడ అంటాం. పక్క స్టేషన్ నుంచి తీసిన స్కాన్‌లో మాత్రం, గుట్ట చుట్టూ తిరిగి అటు వెళ్తున్న ఒక ఆడమనిషి దొరికింది. కదులుతున్న మనిషి కాబట్టి సరిగ్గా పడలేదు, గాల్లో సాగదీసిన మరకలా ఉంది. చేతిలో చెంబు కావచ్చు. ఇలాంటివాటిని ఆఫీసులో దయ్యాలు అంటాం. నాయిస్ కింద తీసేయాలి. సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. రెండు సెకన్ల పని.

తర్వాత మేనేజర్ నా వెనక నిలబడి వీడియో చూశారు. "ఆ బొక్క కనపడుతోంది. దారిని కొంచెం కుడికి లాగు." లాగాను. కెమెరా గుట్ట పక్కనుంచి మెత్తగా ఒంపు తిరిగి, గేటు వైపు సాగిపోయింది. మీటింగ్‌లో అందరికీ నచ్చింది. రోడ్డు వెడల్పు అడిగారు, లెవెల్స్ అడిగారు. గుట్ట వెనక ఏముందని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? అడగడానికి అక్కడ ఏదో ఉందన్న అనుమానం కూడా వాళ్ళకి మేం మిగల్చలేదు.

లెక్క ప్రకారం ఇందులో అబద్ధం లేదు. వీడియోలో ఉన్న ప్రతి చుక్కా కొలిచిందే, మిల్లీమీటర్లలో సరిచూసిందే. ధర్మరాజు ద్రోణుడితో చెప్పినదాంట్లోనూ ప్రతి మాటా నిజమే. చచ్చింది ఏనుగు అన్న ముక్క వినపడకుండా పోయింది, అంతే. అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల ఎత్తున తేలుతూ తిరిగిన ఆయన రథం ఆ ఒక్క మాటతో నేలకి దిగిపోయిందంటారు. మా కెమెరా సంగతి తిరగబడింది. నేల మీద నిలబడి కొలిచినంతసేపూ అది నిజమే చెప్పింది. తేలడం మొదలుపెట్టాక, ఏం చెప్పాలో మేం చెప్పాం.

టీ కొట్టు దగ్గర ఈ మాట అంటే ఫ్రెండ్ నవ్వాడు. "ఫొటో అయినా అంతే కదా. ఫ్రేములో పట్టనిది బయటే ఉంటుంది. మ్యాపూ అంతే. దేన్నో ఒకదాన్ని వదలకుండా ఎవరు చూపించగలరు?" నిజమే, కొట్టిపారేసే మాట కాదు. కానీ ఫొటోకి ఒక మర్యాద ఉంది. తీసినవాడు ఎక్కడో ఒక చోట నిలబడ్డాడని అది ఒప్పుకుంటుంది. ఫ్రేము అంచు కనపడుతుంది కాబట్టి అంచు అవతల ఏముందని అడగాలనిపిస్తుంది. దారి వెంట ఎగిరే వీడియోకి ఆ అంచు ఉండదు. అది చుట్టూ తిరుగుతుంది, పైకి లేస్తుంది, వంగి చూస్తుంది. అన్నీ చూసేశామన్న తృప్తి ఇస్తుంది. నా అభ్యంతరం ఆ తృప్తి మీద. ఏదో ఒకటి వదలక తప్పదు, వదల్లేదన్నట్టు నటించక్కర్లేదు.

2025 మార్చి చివర్లో ఇక్కడికి దగ్గర్లోనే, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఆ రోజుల్లో ఫోన్ల నిండా జింకలు, నెమళ్ళు. కొన్ని నిజమైన వీడియోలు, కొన్ని ఏఐతో చేసిన బొమ్మలు. బొమ్మల మీద పోలీసు కేసులు కూడా అయ్యాయి. అడవి గురించి మొదలైన గొడవ కాసేపు ఏ బొమ్మ నిజం అన్నదాని మీదికి మళ్ళింది. మా ఆఫీసులో చాలామంది అన్నారు, మనది అలాంటిది కాదు, మనది కొలిచిన డేటా అని. నేనూ తలూపాను. తర్వాత ఆలోచిస్తే భయమేసింది. లేని జింకని చూపిస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఉన్న రాయిని చూపించకపోతే ఎవరు పట్టుకుంటారు? ఫ్యాక్ట్‌చెక్ చేయడానికి తెర మీద ఏదో ఒకటి ఉండాలి కదా.

పాత సర్వేయర్లకి ఈ వెసులుబాటు లేదు. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర బేస్‌లైన్ కొలిచి మొదలుపెట్టిన మహా సర్వేలోకి, తర్వాత శిఖరానికి పేరైన జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాదులోనే చేరాడు. అర టన్ను బరువున్న థియోడొలైట్‌ని గుట్టల మీదికి మోయించేవాళ్ళు. వాళ్ళు దొర కోసం కొలిచారు, ఎవరి భూమి ఎవరిదవ్వాలో తేల్చేవాళ్ళ కోసం కొలిచారు, అందులో నాకు భ్రమల్లేవు. కానీ ఆ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. ప్రతి కోణం పక్కనా అది ఏ స్టేషన్ నుంచి కొలిచిందో రాయాల్సిందే. నిలబడిన చోటు చెప్పని కొలత కొలతే కాదు.

మా స్కానర్ కూడా అది రాసుకుంటుంది. ప్రతి స్కాన్‌కీ తన స్టేషన్ ఎక్కడో డేటాలోనే ఉంటుంది. అన్నీ కలిపి, పలచన చేసి, ఒకే క్లౌడ్‌గా బయటికి తీసినప్పుడు మాత్రం ఏ చుక్క ఎక్కడి నుంచి చూసిందో చాలాసార్లు చెరిగిపోతుంది. అప్పుడిక అది ఎవరి చూపూ కాదు. ఎవరి చూపూ కానిదానికి జవాబు చెప్పేవాడు కూడా ఉండడు.

అంత చిన్న సైటు మీద ఇంత గొడవెందుకు అనొచ్చు. నేను స్టేషన్ పెట్టించి ఉంటే ఆ రాయి అక్కడే ఉంటుందని కాదు. తెలిసి కూడా వద్దనుకునే హక్కు వాళ్ళకి ఉందేమో, అది వేరే వాదన. కానీ ఆ వాదన జరగాల్సింది. చెంబు పట్టుకుని వెళ్తున్న ఆవిడ గురించి ఆ గదిలో ఒక్కరైనా, కనీసం తప్పుగానైనా, ఒక మాట అనాల్సింది. దారిని కుడికి లాగి ఆ మాట పుట్టకుండా చేసింది నా చెయ్యే.

ఇప్పుడు దారి గీసే పద్ధతి మార్చాను. ముందు స్టేషన్లని ఆన్ చేస్తాను. దారిని వాటి మీదుగానే, మనిషి కంటి ఎత్తులో, సుమారు 1.6 మీటర్ల దగ్గర నడిపిస్తాను. దయ్యాల్ని పూర్తిగా చెరపను, వేరే లేయర్‌లో దాస్తాను. నీడ వచ్చిన చోట కెమెరాని రెండు సెకన్లు ఆపుతాను.

మొన్న కొత్త ప్రాజెక్టులో మేనేజర్ అడిగారు. "ఇక్కడెందుకు ఆగింది? హ్యాంగ్ అయ్యిందా?"

"లేదు సార్. అక్కడ మనం నిలబడలేదు."

ఆయన కాసేపు స్క్రీన్ వైపు చూశారు. "ఏముంది అక్కడ?" అన్నారు.

ఫీల్డు టీమ్‌కి ఫోన్ చేశాను.