లయయు ఆలస్యమును

పొరుగువారితో లయ కలుపుట యనగా మనతనమును విడుచుటయేనా? మన రాయచూరే జవాబు చూపినది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల మార్గమున దక్షిణాది విద్యుద్వ్యవస్థ తక్కిన దేశముతో ఏకలయను పొందినది. నాటినుండి సెకనుకు సుమారు 50 ఆవృత్తులు అందరికిని ఒకటే. శక్తినగరపు యంత్రములు మాత్రము కృష్ణయొడ్డుననే యున్నవి.

నాడీకణములును ఇట్లే లయ కలుపుకొనును. కాని అచ్చట వార్త ఆలస్యముగా చేరును. ఆలస్యపు వార్తను నమ్మి గట్టిగా దిద్దినచో ఊగిసలాట పెరుగును. భేదమును ఎప్పటికప్పుడు కొలిచి, దిద్దుబాటును దానికి తగినట్లు మార్చుకొనుటయే అనుకూల నియంత్రణము.

కన్నడబడిలో చదువు బిడ్డకు తెలుగున నేడు కలిగిన తడబాటు నిరుటి యశ్రద్ధకు ఫలము. నేడు గద్దించినచో వాడు తెలుగునే విడుచును. ఊరకుండుటయు తగదు. దినమునకు నాలుగక్షరములు దిద్దించి, ఫలమునకు వేచియుండవలెను. వీధిలయ వానికి వచ్చినది. ఇంటిలయను నిలుపుట మన ధర్మము.