తండ్రికి సెలవు

కేంద్ర ప్రభుత్వోద్యోగియైన పురుషునకు బిడ్డ పుట్టినపుడు 15 దినముల సెలవు కలదు. జీవించియున్న సంతానము ఇద్దరికంటె తక్కువగా నున్నవారికే అది వర్తించును. ఈ సదుపాయము 1997లో ఏర్పడినది. కాన్పునకు ముందు 15 దినములలో గాని, కాన్పునాటినుండి ఆరు నెలలలో గాని వాడుకొననిచో అది మురిగిపోవును. స్త్రీల ప్రసూతి సెలవును 2017లో 12 వారములనుండి 26 వారములకు పెంచినప్పుడు సైతము ప్రైవేటు కొలువులలోని తండ్రులకు చట్టమున చోటు దొరకలేదు.

చట్టము చాలదని మనమందుము. నిజమే. కాని ఉన్న సెలవునైనను అడుగుటకు పురుషుడేల వెనుదీయును? "ఇంట ఆడవారు లేరా?" అని పై అధికారి నవ్వుచు అడిగిన ఒక్క ప్రశ్న చాలును, చేతిలోని అర్జీ తిరిగి జేబులోనికి పోవును. ఇంటను అంతే. తొలికాన్పు పుట్టింట జరుగు ఆచారము తల్లికి విశ్రాంతి నొసగినది. తండ్రిని మాత్రము బారసాలకు వచ్చిపోవు చుట్టముగా జేసినది.

నార్వే దేశమున 1993లో నాలుగు వారముల సెలవును తండ్రికే ప్రత్యేకించిరి; అతడు వాడనిచో అది కుటుంబమునకు దక్కదు. అంతకుముందు సెలవు పుచ్చుకొను తండ్రులు మిక్కిలి అరుదు. ఆ మార్పును గూర్చి 2014లో వెలువడిన ఒక పరిశోధన ఆసక్తికరము. ఒకడు సెలవు తీసికొనినచో, అతని సహోద్యోగులలో నూటికి మరి 11 మంది, సోదరులలో మరి 15 మంది అదే దారి పట్టుదురని తేలినది. ఆ ఒకడు పై అధికారియైనచో కార్యాలయమున ఆ ప్రభావము రెండున్నర రెట్లకు మించినది.

అట్లయిన "నాకు సెలవక్కరలేదు" అను మాట ఎంతవరకు అతని స్వేచ్ఛ? ఎవ్వరును తీసికొనని సెలవును తానొక్కడు తీసికొనిన నేమగునో అతడెరుగడు. ఆ భయమును స్వేచ్ఛయని పిలువరాదు. ముందు నడచినవాడే దానిని తీర్చగలడు. కనుక మొదటి తండ్రి తన బిడ్డకే కాక, తానెరుగని మరియొకరి బిడ్డకును మేలు చేయుచున్నాడు. పై అధికారికి ఇది బాధ్యత కూడ. ఇతరుల అర్జీపై సంతకము చేయుటతో అతని ధర్మము తీరదు; తన వంతు వచ్చినపుడు తానును ఇంటికి పోవలెను.

దినకూలికి ఈ ప్రశ్నయే లేదు. పని మానిన దినము అతనికి కూలి లేని దినము. ఆ లోటు తీర్చవలసినది చట్టమే. కాని జీతముతో సెలవున్నవాడు దానిని మురుగబెట్టిన నా కూలివానికి ఒరుగునదేమి? తండ్రికి సెలవెందులకను వారి మాటకే బలము చేకూరును.

ఆరు నెలలు కడచిన పిదప సెలవుల పుస్తకమున ఒక లెక్క ముగియును. ఆ ఆరు నెలలలోనే బిడ్డ తలయెత్తుటయు, తండ్రి ముఖమును గుర్తుపట్టి నవ్వుటయు, బోర్లపడుటయు నేర్చును.