మానిన మరునాడు



పాత సంవత్సరపు చివరి రాత్రి ఆరాధనలో అనేకులు కన్నీటితో తీర్మానములు చేసికొందురు. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి రాత్రి ఒక సహోదరుడు లేచి, ఇక మద్యము ముట్టనని అందరి యెదుట ప్రమాణము చేసెను. అతని భార్య సంతోషముతో ఏడ్చెను. మేమందరము స్తుతిగీతము పాడితిమి. శ్రమకాలము వచ్చునప్పటికి అతడు గుడికి వచ్చుట మానెను. దారిలో కనబడినప్పుడు నేను, "దేవుని సన్నిధిని మాట ఇచ్చితివి గదా?" అంటిని. అతడు తల వంచుకొని వెళ్లిపోయెను. అటుపిమ్మట నన్ను చూచినయెడల ప్రక్కసందులోనికి తప్పుకొనెడివాడు.

నేను పలికినది నిజమే. గాని అది నా సహోదరుని లేపలేదు. అప్పటినుండి ఒక ప్రశ్న నన్ను విడువలేదు. పడిపోయినవాని ప్రమాణము అబద్ధమైపోవునా?

1935వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని ఏక్రన్ పట్టణమునకు బిల్ విల్సన్ అను న్యూయార్కు మనుష్యుడు వ్యాపారపు పనిమీద వచ్చెను. అతడు త్రాగుడు మాని అప్పటికి అయిదు నెలలే. వచ్చిన పని చెడిపోయెను. బసచేసిన హోటలులోనే మద్యశాల యుండెను. మరల పడిపోవుదునేమోనని అతడు భయపడెను. అప్పుడతడు ఒక పాదిరిగారికి టెలిఫోను చేసి, తనవలె త్రాగుడుతో బాధపడువాడొకడు తనకు కావలెనని అడిగెను. ఆ విధముగా డాక్టరు రాబర్టు స్మిత్ అను వైద్యుని కలిసికొనెను. స్మిత్ త్రాగుడు మానెను. గాని కొన్ని వారములలోనే ఒక వైద్యుల మహాసభకు వెళ్లి, అక్కడ మరల త్రాగెను. విల్సన్ అతనిని విడిచిపెట్టలేదు. ఆ సంవత్సరము జూన్ 10వ తేది స్మిత్ త్రాగిన కడపటి దినమని చెప్పుదురు. 1950లో మరణించువరకు అతడు మరల ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము ఆ దినమునే తన పుట్టినదినముగా ఎంచుకొనుచున్నది. ఆ యిద్దరు మొదట కలిసికొన్న దినమును కాదు, పడినవాడు లేచిన దినమునే ఎంచుకొన్నది, గమనింపుము.

చదువరీ, ప్రమాణము కుండవంటిది కాదు, ఒకసారి పగిలిన పారవేయుటకు. అది పొలము గట్టువంటిది. గండి పడినదని పొలమును విడిచిపెట్టు రైతు ఎవడు? నీరంతయు పోకమునుపే పార తీసికొని పరుగెత్తును. అయితే గండి పడనిమ్ము, పూడ్చుకొందునులే అనువాడును రైతు కాడు. ఎండ్రకాయ చేసిన బొరియనుండియే గండి మొదలగునని యెరిగి, అతడు ప్రతి ఉదయమును గట్టు వెంబడి నడచును. జీతము చేతికి వచ్చిన సాయంకాలము, పాత స్నేహితుని పిలుపు, ఇంటిలో మాటపట్టింపు, ఇవే మన బొరియలు.

ఊడ్చి అమర్చిన యిల్లు ఖాళీగా నుండుటవలన ఏమి సంభవించునో ప్రభువు ఉపమానముగా చెప్పెను. మానివేసినంతమాత్రమున చాలదు, త్రాగుడు విడిచిన గంటలలో ఏదో యొకటి నిండవలెను. విల్సన్ వాటిని మరియొకనికి సహాయము చేయుటతో నింపెను, తానును నిలిచెను. బహుకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల శరీరమునకు అపాయము కలుగవచ్చును గనుక వైద్యుని యొద్దకు వెళ్లవలెను. అది విశ్వాసలోపము కాదు.

చివరకు నేనా సహోదరుని యింటికి వెళ్లితిని. ప్రమాణము మాట ఎత్తలేదు. "ఈ రాత్రి యెట్లు గడచును?" అని మాత్రము అడిగి, ప్రొద్దుపోవువరకు అతనితో కూర్చుంటిని. ఆ తరువాత అతడు రెండుసార్లు పడెను. అయితే ఇప్పుడు పడిన దినముననే నాకు కబురు పంపును, ప్రక్కసందులోనికి తప్పుకొనడు.

నీవు నిన్న పడియుంటివా? నేడే ఎవరికైనను చెప్పుము. నీవు నిలిచియున్నావా? ప్రమాణము చేసిననాడు చప్పట్లు కొట్టితివి గదా; తొంబదియవ దినమున అతని తలుపు తట్టుము.