మన దీపము ఎవరి కిటికీలో పడుచున్నది?



గత సంవత్సరము జూలై మాసములో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో మా పెద్దబ్బాయి ఇంట ఉన్నాను. ఒక శనివారము ఉదయము వాడు, "నాన్నగారూ, క్రిస్మస్ లైట్లవాళ్ల మీటింగు ఉంది, వస్తారా?" అని అడిగాడు. "జూలైలో క్రిస్మస్ ఏమిటిరా?" అని నవ్వి, చూద్దామని బయలుదేరాను.

అద్దె హాలులో సుమారు నలభై మంది కూడియున్నారు. ఒకరు నర్సు, ఒకరు పోస్టుమాన్, ఒకరు పని విరమించిన వడ్రంగి. డిసెంబరులో తమ ఇంటి ముందర పాటకు తగినట్లు ఆడే దీపములను అమర్చడము వీరి సరదా. దీనికి ఎవరూ జీతమివ్వరు. బల్లల మీద కంట్రోలర్ బోర్డులు, పిక్సెల్ బల్బుల తీగలు పరచియున్నవి. ఒక్కొక్క బల్బు వెంట ఒక చిన్న చిప్ ఉండుటవల్ల ఏ బల్బు ఏ క్షణమున ఏ రంగులో వెలగవలెనో కంప్యూటరులో విడివిడిగా వ్రాయవచ్చును. నాలుగు నిమిషముల పాటకు ఎన్నో సాయంకాలముల పని పట్టునట! అందుకే డిసెంబరు పని జూలైలోనే మొదలు. పదేళ్ల పాప ఒకతె తన తాతగారికి సోల్డరింగు నేర్పుచుంటే, జీవితమంతా పాఠములు చెప్పిన నాకు ముచ్చట వేసింది.

ఈ సరదా కొత్తది కాదు. ఎడిసన్ గారి సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కులోని తన ఇంట క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపములు పెట్టాడు. అక్కడినుండే ఈ కథ ప్రారంభము.

మధ్యాహ్నము ఒక పెద్దాయన బోర్డు దగ్గరకు వచ్చారు. కరెంటు లెక్కలు చెప్పుతారనుకొన్నాను. ఆయన బోర్డుమీద "పొరుగువారు" అని ఒక్క మాట వ్రాశారు. బల్బు కొనకముందు ఇటు ఇంటికి, అటు ఇంటికి, ఎదురింటికి వెళ్లండి. దీపములు ఎన్ని గంటలకు ఆర్పుతారో చెప్పండి. రాత్రి డ్యూటీ చేసేవారు, పసిబిడ్డలు, జబ్బుపడినవారు ఉన్నారేమో అడగండి. పాటను లౌడు స్పీకరులో పెట్టక, చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు ద్వారా చూడవచ్చినవారి కారు రేడియోలకే పంపండి. ఇవీ ఆయన చెప్పిన మాటలు.

తరువాత ఆయన రెండు సంగతులు చెప్పారు. ఆర్కన్సా రాష్ట్రములోని లిటిల్ రాక్ నగరములో జెన్నింగ్స్ ఆస్బోర్న్ అనే ధనికుడు 1986లో తన చిన్న కుమార్తె అడిగినందున ఇంటికి దీపములు పెట్టాడు. ఏటేటా పెంచుచు ముప్ఫై లక్షలకు తెచ్చాడు. వేలాది జనము వచ్చారు. ఆ కార్ల మధ్య ఇరుగుపొరుగువారికి ఇల్లు చేరడమే కష్టమైంది. ఆరుగురు 1993లో కోర్టుకు వెళ్లారు. ప్రదర్శనకు హద్దులు పెట్టిన తీర్పును 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయపరచింది. చివరకు ఆ దీపములు 1995లో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కుకు చేరి, 2016 జనవరి ఆరంభము వరకు అక్కడ వెలిగినవి. ఒహాయోలోని మేసన్ ఊరిలో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు దీపములకు కూడ అట్లే జనము వచ్చారు. 2005 డిసెంబరులో దగ్గరలో కారు ప్రమాదము జరిగితే, వాహనముల బారువల్ల పోలీసులు త్వరగా రాలేకపోయారు. అది విని ఆయన తానే స్విచ్చి ఆపివేశాడు.

ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటున్నది. వేలమంది సంతోషము ఒకవైపు, ఆరుగురి ఇబ్బంది ఒకవైపు. లెక్కల మాస్టారు వేలవైపే మొగ్గుతాడు. ఒక్కరు సణిగితే మానవలసివస్తే లోకములో ఏ పండుగైనా జరుగునా అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. సణిగినవారి మాటే ఎల్లప్పుడూ నెగ్గవలెనని నేను అనను. కాని చూడవచ్చినవారు కోరి వచ్చారు, పది నిమిషములు చూచి వెళ్లిపోతారు. పొరుగువాడు కోరలేదు, రాత్రంతా అక్కడే ఉండవలెను. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచరాదు. "ఏడాదికొకసారే గదా, సర్దుకుంటాను" అనే మాట చాలా మంచిది. అయితే అది పొరుగువాడు అనవలసిన మాట; అతని తరఫున మనము అనవలసినది కాదు.

ఆ హాలులో కూర్చున్న నాకు బళ్లారి జ్ఞాపకము వచ్చింది. కొన్నేళ్ల క్రిందట క్రిస్మస్ మాసములో మా ప్రార్థనామందిరము ఆవరణలో పెద్ద ఫోకస్ లైటు పెట్టించాము. రాత్రంతా వెలిగేది. పక్కింట కన్నడ కుటుంబము. ఆ ఇంటాయన పక్షవాతముతో కిటికీ దగ్గర మంచముమీద ఉండేవారు. ఒక సాయంత్రము ఆమె గేటు దగ్గర నిలిచి, "మేష్ట్రే, ఆ దీప స్వల్ప ఆ కడె తిరుగిసి" అన్నారు. ఆర్పమనలేదు, కొంచెము అటు తిప్పమన్నారు. నేను, "పండుగ అయ్యేదాకా ఓర్చుకోండమ్మా, ఏడాదికొకసారే గదా" అన్నాను. దీపమును దాచవద్దని ప్రభువే చెప్పారు గదా అని లోపల సమర్థించుకొన్నాను. దానిని రోగి కంటిలో పెట్టమని ఆయన చెప్పలేదు. తరువాతి వేసవిలో ఆ ఇంటాయన కన్నుమూశారు. మా లైటువల్ల కాదు. అయినా ఆయన ఆఖరి డిసెంబరు రాత్రులు ఎట్లు గడిచినవో నేను అడుగలేదు.

తిరిగి వచ్చిన వారములోనే ఆమె ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకొన్నాను. ఆమె కాఫీ ఇచ్చారు. ఆ మాటమీద ఏమీ అనలేదు. నవంబరులో మేము పెద్దలము కలిసి, నిచ్చెన వేయించి, లైటును మందిరపు గోడవైపు తిప్పించాము. పది నిమిషములు పట్టింది.

ప్రియులారా, మనము పరభాషవారి నడుమ ఇల్లు కట్టుకొన్నవారము. ఈ డిసెంబరులో స్టారు కట్టకముందు, సీరియల్ సెట్టు వేయకముందు, పక్కింటి తలుపు తట్టి అడగండి. వారు ఏమి చెప్పినను నిలబడి వినండి.