తుప్పు పట్టిన బండి, బాగుచేయు చేయి

ధ్యానమునకు: గలతీయులకు 6:1-2, మార్కు 1:19, ఫిలేమోనుకు 10-16



గలతీయ సంఘములకు వ్రాయుచు పౌలు పడిపోయిన సహోదరుని గూర్చి ఒక మాట వాడెను. అట్టివానిని మృదువుగా లేవనెత్తి, మరల తగిన స్థితికి తేవలెనని ఆయన బోధ. గ్రీకు భాషలో ఆ మాటయే మార్కు సువార్త మొదటి అధ్యాయమునను కనబడును. అచ్చట యాకోబును యోహానును దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరి. చినిగిన వలను జాలరి పారవేయడు, తిట్టడు. ఒడిలో పరచుకొని, తెగిన చోటు వెదకి, కన్ను వెంబడి కన్ను అల్లును. మన సముద్రతీరపు పల్లెలలో ఈ పని చూడనివారు లేరు. పడినవానిని సంఘము చేయవలసినదియు అదే.

ఈ బాగుచేయు పని ఎట్టిదో తెలిసికొనుటకు ఈ నెల ఒక దూరదేశపు సంగతి చూతము.

ఇటలీ దేశమునకు ఉత్తరమున కోమో అను సరస్సు కలదు. దాని తూర్పు ఒడ్డున, కొండల పాదమున, మాండెల్లో డెల్ లారియో అను చిన్న పట్టణమున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇటలీ వైమానిక దళములో ముగ్గురు స్నేహితులుండిరి. కార్లో గుజ్జి యంత్రముల పని తెలిసినవాడు; జార్జియో పరోదియు జొవాన్ని రవెల్లియు విమానములు నడుపువారు. యుద్ధము ముగిసిన పిమ్మట కలిసి మోటారు సైకిళ్లు చేయుదమని వారనుకొనిరి. కాని రవెల్లి 1919లో విమాన ప్రమాదమున మరణించెను. మిగిలిన యిద్దరు 1921లో మోటో గుజ్జి కంపెనీని స్థాపించి, పోయిన స్నేహితుని జ్ఞాపకార్థము రెక్కలు చాచిన పక్షిరాజును తమ బండ్లకు గుర్తుగా పెట్టిరి. ఆ గుర్తు నేటికిని ఆ బండ్లమీద నున్నది.

1950లో ఆ కర్మాగారమునుండి ఫాల్కొనె అను బండి వెలువడెను. ఆ పేరునకు డేగ అని అర్థము. దాని ఇంజనుకు సిలిండరు ఒక్కటే. అది మన బుల్లెట్టు బండిలోవలె నిటారుగా నిలువక, ముందు చక్రమువైపు తల పెట్టి పరుండియుండును. సిలిండరు వెడల్పు 88 మిల్లీమీటర్లు, పిస్టను నడక 82 మిల్లీమీటర్లు. మొత్తము సుమారు 500 సీసీ. ఇంజను ప్రక్కన పెద్ద ఇనుప చక్రమొకటి బయటికి కనబడుచు తిరుగుచుండును. ఆ దేశపు పోలీసులును సైనికులును ఈ బండినెక్కి తిరిగిరి.

ఇట్టి పాత బండ్లు అచ్చటి పల్లెలలో పశువుల కొట్టములలోను గడ్డి కొట్టములలోను మరుగుపడి యుండుట కలదు. తాత నడిపినది, తాత పోయిన తరువాత ఎవరును ముట్టనిది. కోళ్లు దానిమీద గూడు కట్టును, ఎలుకలు సీటు కొరుకును. పాత ఇనుము కొనువాడు వచ్చినపుడు తూకమునకు వేయుదమా అని ఇంటివారు ఆలోచింతురు. అప్పుడు ఎవడో ఒకడు, మనుమడే కావచ్చును, దానిని వెలుగులోనికి తెచ్చి, ఇంటి ప్రక్కన నిలిపి, బాగుచేయ పూనుకొనును. వాని పని క్రమమును చూడుడి. దానిలో మనకు పాఠములున్నవి.

మొదటిది: ముందు చూచుట. తెలిసిన పనివాడు వెంటనే పానా పట్టడు. బండి చుట్టు తిరుగును. ప్రతి భాగమునకును ఫోటో తీయును. విప్పిన ప్రతి నట్టును బోల్టును వేరువేరు డబ్బాలలో వేసి, ఎచ్చటిదో చీటీ వ్రాసి పెట్టును. నెహెమ్యాయు యెరూషలేమునకు వచ్చి మూడు దినములు మౌనముగా నుండెను. రాత్రివేళ లేచి, ఎవరితోను చెప్పక, కూలిన గోడలను చూచుచు తిరిగెను. చూచిన తరువాతనే కట్టుదమని పలికెను. మనమైతే చూడకయే పలుకుదుము. ఫలానావాడు ఎందుకు మందిరము మానెనో మనలో ఎంతమంది విచారించితిమి? అప్పు బాధయా? బిడ్డ పోయిన దుఃఖమా? పెద్దలు అందరియెదుట ఆడిన మాటయా? తెలియక చేయు మరమ్మతు ఉన్నదానిని కూడ చెరచును.

రెండవది: బలాత్కారము పనికిరాదు. చాలకాలము నిలిచిన ఇంజనులో పిస్టను సిలిండరు గోడకు తుప్పుతో అతుకుకొనును. తెలియనివాడు కిక్కుమీద నిలిచి బలముకొలది త్రొక్కును. లోపల రింగులు విరుగును, గేరు పండ్లు పాడగును. తెలిసినవాడు స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున పలుచని నూనె పోసి, దినములకొలది, ఒక్కొక్కప్పుడు వారములకొలది కనిపెట్టును. ఈ బండిలో సిలిండరు పరుండియున్నందున నూనె క్రింది గోడమీదనే నిలుచును. కావున పలుమారు పోయవలెను. పిమ్మట బయటి ఇనుప చక్రమును చేతితో పట్టి, కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు నెట్టి చూచును. ఒక దినమున అది వెండ్రుకవాసి కదలును. దానికే అతని కన్నులు వెలుగును.

అట్లే అల్యూమినియములో ఉక్కు బోల్టు బిగిసిపోయినపుడు సుత్తితో కొట్టినయెడల మర చెడును. ఆ చోటును వేడిచేసినయెడల అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు సాగును, పట్టు వదలును. సుత్తి చేయలేని పనిని వెచ్చదనము చేయును. ప్రియులారా, పదియేండ్లు రానివాడు ఒక ఆదివారము వచ్చి చివరి చాపమీద కూర్చుండును. ఆరాధన ముగియకముందే, “ఏమయ్యా, ఇప్పటికి దారి తెలిసినదా?” అని మనలో ఒకరు అందురు, నలుగురు నవ్వుదురు. ఇది కిక్కుమీద నిలిచి త్రొక్కుట కాదా? వాడు మరల పదియేండ్లు రాడు. నలిగిన రెల్లును విరువని ప్రభువు మనకు మాదిరి.

మూడవది: లోపలి తుప్పు. పైకి రంగు చక్కగా నున్న పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడుడి. నిలువయున్న పెట్రోలు జిగురై కంపుకొట్టును, అడుగున తుప్పు పొరలు తేలును. దానిపై క్రొత్త రంగు వేసిన ఏమి లాభము? ఆ తుప్పు కార్బురేటరులోనికి దిగి బండిని నడిదారిలో ఆపును. కావున ట్యాంకును పెట్రోలు వాసన బొత్తిగా పోవువరకు కడిగి, చాకలి సోడా కలిపిన నీటితో నింపి, ఇనుప కడ్డీ ఒకటి ట్యాంకునకు తగులకుండ లోనికి వ్రేలాడదీయుదురు. బ్యాటరీ చార్జరు మైనసు తీగను ట్యాంకునకు, ప్లసు తీగను కడ్డీకి తగిలింతురు. మండు వాయువు పుట్టును గనుక నిప్పు దరిజేరనీయక ఆరుబయట ఈ పని చేయుదురు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడరు. దానివలన విషము పుట్టును. గంటలు గడచుకొలది ట్యాంకులోని తుప్పు వదలును. ఆ కడ్డీ మాత్రము తినివేయబడి సన్నగిల్లును. ఒకటి క్షయమగుటవలన మరియొకటి శుద్ధియగుచున్నది. సిలువ నెరిగిన మనకు దీనికి వివరణ వేరుగా కావలెనా? యెషయా 53వ అధ్యాయము తెరచి చదువుడి.

శుద్ధియైన ట్యాంకును ఊరక విడువరాదు. వెంటనే ఆరబెట్టి నూనె పూయనియెడల కొన్ని గంటలలోనే క్రొత్త తుప్పు పుట్టును. ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా నున్నందున వెళ్లిన దయ్యము మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చెనని ప్రభువు చెప్పిన ఉపమానము జ్ఞాపకము తెచ్చుకొనుడి. సారా మానినవానికి మానిన సాయంకాలములలో తోడు కావలెను. వానిని ప్రార్థనకు, పనికి, మన యింటి భోజనమునకు పిలువనియెడల, పాత స్నేహితులు పిలుతురు.

నాలుగవది: వేడికి నిలుచు నిప్పురవ్వ. ఈ బండికి నిప్పురవ్వ నిచ్చునది మాగ్నెటో. పాతబడిన మాగ్నెటో ఒక చిత్రము చేయును. చల్లగా నున్నప్పుడు చక్కని రవ్వ నిచ్చును. ఇంజను వేడెక్కగానే ఆగిపోవును. లోపలి తీగచుట్టల పైపూత చెడియుండుటయో, కండెన్సరు పాడగుటయో కారణము. కావున ఇంటిముందర ఒకసారి మ్రోగినంత మాత్రమున పనివాడు తృప్తిపడడు. ఎండలో, ఎత్తుదారిలో నడిపి చూచును. ఉజ్జీవ సభలలో చేయెత్తినవానిని చూచి మనము సంతోషింతుము, మంచిదే. కాని రాతినేలను పడిన విత్తనము ఎండ రాగానే వాడిపోయెను గదా. సభ ముగిసిన ఆరు నెలలకు వాని యింటికి ఎవరు వెళ్లుదురు?

ఐదవది: ఉంచవలసినదానిని ఉంచుట. అన్నియు క్రొత్తవి వేసి, అద్దమువలె మెరయునట్లు రంగు వేయుట ఒక పద్ధతి. కాని పాతరంగు నిలిచియున్నచో దానిని శుభ్రపరచి అట్లే కాపాడుట మేలని ఇటలీలో అనేకుల యభిప్రాయము. తాత మోకాలు రాచుకొని అరిగిన చోటు అట్లే యుండును. ఇస్సాకు తన తండ్రి త్రవ్వించిన బావులు పూడిపోగా తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేళ్లే పెట్టెను. తిరిగి వచ్చిన సహోదరుని మనవలె మార్చుట మన పని కాదు. వాని పాట, వాని మాట, వాని నవ్వు ఉండనీయుడి. తుప్పు మాత్రము పోవలెను.

ఆరవది: బాగుచేయువాడు తన్నుతాను చూచుకొనవలెను. ఆ కాలపు బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి, అనేక సంవత్సరముల తరువాత రోగము పుట్టించును. కావున బ్రేకు విప్పినపుడు ధూళిని ఊదక, తడిగుడ్డతో తుడువవలెను. పౌలును ఆ వచనపు చివర అదే హెచ్చరిక చేసెను: లేవనెత్తువాడు తానును శోధనలో పడకుండ జాగ్రత్తపడవలెను. ఇతరుని పాపమును విప్పి నలుగురిలో ఊదువాడు ఆ ధూళిని తానే పీల్చును.

అయితే ఉపమానమునకు హద్దు కలదు. బండికి ఇష్టాయిష్టములు లేవు, మనుష్యునికి కలవు. తప్పిపోయిన కుమారుని తండ్రి దూరదేశమునకు పోయి ఈడ్చుకొని రాలేదు. కుమారుడు ఇంకను దూరముగా నుండగానే చూచి, పరుగెత్తెను. మనము వాకిలి తెరచి దారి చూడగలము. లేచి వచ్చుట వాని వంతు, వాని హృదయమును కదలించుట ఆత్మ పని.

ఇంత శ్రమ తగునా అని ఎవరైన అడుగవచ్చును. పాత బండికి పెట్టిన ఖర్చు దాని వెలకు మించిపోవుట సాధారణము. లెక్క చూచువాడు ఈ పని చేయడు, ప్రేమించువాడు చేయును. మనలను కొనిన వెల వెండి బంగారములు కాదని పేతురు చెప్పుచున్నాడు. మన యోగ్యతను లెక్కించి ఎవరును ఆ వెల పెట్టరు.

బాగుపడిన బండి దారిన నడువవలెను గాని గుడ్డ కప్పుకొని నిలిచియుండుటకు కాదు. ఒనేసిము ఒకప్పుడు పనికిరానివాడు. పౌలు చెరలోనుండి వ్రాసి, ఇప్పుడు ప్రయోజనకరుడని ఫిలేమోనునొద్దకు తిరిగి పంపెను. మార్కు పంఫూలియలో పనిని విడిచిపోయినవాడు. పౌలు వానిని మరల వెంటబెట్టుకొని పోనొల్లలేదు. బర్నబా వానిని చేరదీసి కుప్రకు తీసికొనిపోయెను. సంవత్సరములు గడచిన పిమ్మట, అదే ఇటలీ దేశపు రోమా చెరసాలనుండి పౌలు, పరిచర్యకు ప్రయోజనకరుడు గనుక మార్కును తోడుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. బర్నబా ఓపిక పట్టనియెడల ఆ మాట వ్రాయబడియుండునా?

కావున ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పేరు తలంచుకొనవలెను. చాలకాలముగా రానివారి పేరు, మనము లెక్కలోనుండి తీసివేసిన పేరు. ప్రతిదినము కుటుంబ ప్రార్థనలో ఆ పేరు చెప్పుడి. తరువాత ఇద్దరు కలిసి వారి యింటికి వెళ్లుడి. మొదటి దినమున తప్పు ఎత్తకుడి, చందా అడుగకుడి. కూర్చుండుడి, వారు చెప్పునది వినుడి, ఇచ్చినది త్రాగుడి. వెండ్రుకవాసి కదలినను దేవునికి స్తోత్రము చేయుడి. కదలనియెడల మరల వెళ్లుడి.

ప్రార్థన: ప్రభువా, తుప్పు పట్టి మూలపడిన మమ్మును నీవు పారవేయలేదు. మా చేతులకు ఓపికను, మా నోటికి మృదుత్వమును దయచేయుము. మేము మరచిన సహోదరుని నీవు మరువలేదని మాకు జ్ఞాపకము చేయుము. ఆమేన్.