పచ్చని గుంటలో ఊపిరాడని రొయ్య



పదవ తరగతి చదివే ఒక అబ్బాయి మొన్న తన సైన్సు రికార్డు తెచ్చి చూపించాడు. రొయ్య బొమ్మ ముచ్చటగా గీశాడు. మొప్పలు, గుండె, కాళ్ళు, అన్నిటికీ పేర్లు రాశాడు. తరువాత మెల్లగా అడిగాడు: "పచ్చని మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయి గదా ఫాదర్, మరి మా గుంటలో నీళ్ళు అంత పచ్చగా ఉన్నా, తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి ఎందుకు తేలతాయి?"

ఆ ప్రశ్నకు రికార్డులో చోటు లేదు. అసలు పాఠం మాత్రం అదే. నీటికి ఆ పచ్చదనం ఇచ్చే సూక్ష్మమైన నాచు ఎండ ఉన్నంతసేపే ప్రాణవాయువును తయారుచేస్తుంది. శ్వాసించడం మాత్రం రాత్రీ పగలూ మానదు. చీకటి పడితే రాబడి ఆగుతుంది, ఖర్చు ఆగదు. రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంటే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులూ తమ వాటా తీసుకుంటాయి. అందుకే తండ్రి రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు.

తెగిపడిన చెయ్యి పేరుకే చెయ్యి అన్నాడు అరిస్టాటిల్. సెమినరీలో దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాను. గుంటగట్టున నిలబడ్డాకగాని అర్థం కాలేదు. పేర్లు నేర్పితే చాలదు. ఏది దేనివల్ల బ్రతుకుతున్నదో నేర్పాలి.

అయితే ఈ చదువు గట్టు దగ్గర ఆగదు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ మన తీరాన టైగర్ రొయ్యను ఊడ్చివేసింది. నేటి వనామీనీ అది వదలలేదు. దానికి నేటికీ మందు లేదు. తెగులు సోకిన నీటిని బ్లీచింగు వేసి నిలవబెట్టకుండా క్రీకులోకి వదిలితే, అదే నీటిని పక్కవాడి మోటారు తోడుకుంటుంది. పీతలు కూడా ఆ వైరస్‌ను మోస్తాయి.

"చదువు చెప్పండి, గుంటల సంగతి మాకు వదలండి" అని పెద్దలు విసుక్కోవచ్చు. వారి భయం నాకు తెలుసు. పంట పోయిన ఇంట్లో బ్లీచింగు ఖర్చు కూడా భారమే. కాని తెలుసుకోవలసినదీ, తెలుసుకోగలిగినదీ అశ్రద్ధతో తెలుసుకోకపోతే అది నిర్దోషమైన అజ్ఞానం కాదని పునీత తోమా అక్వినాసు బోధ. పిల్లవాడికి గుంట ఎలా పనిచేస్తుందో చెప్పినవారు ఇంటిల్లిపాదికీ "మాకు తెలియదు" అనే సాకును తీసివేసినట్లే. అందుకు నేను వెనుకాడను.

ఆ అబ్బాయి పోయిన ఆదివారం మళ్ళీ వచ్చాడు. "మా తూము నీళ్ళు ఎవరి గుంటలోకి పోతాయి ఫాదర్?"

మీ నాన్నను అడగమన్నాను. ఆయన ఏమన్నాడో ఇంకా చెప్పలేదు.