రాతిపై నిలిచిన చెలిమి

చైనా దేశమందలి షియాన్ నగరమున షింగ్‌చింగ్ అను నుద్యానము కలదు. తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ ప్రాసాదము ఒకప్పుడు వెలసియుండిన చోటది. అచట 1979వ సంవత్సరమున జపాను దేశీయుడైన అబే నో నకమారో పేర నొక చలువరాతి స్తంభమును నిలిపిరి. దానిపై నొకవైపున నాతని పద్యమును, వేఱొకవైపున చైనా మహాకవి లీ బాయ్ పద్యమును చెక్కబడియున్నవి. ఇరుగుపొరుగు దేశముల మైత్రికి ఇది చిహ్నమందురు. చిత్రమేమనగా, ఆ రెండు పద్యములలో ఏదియు దేశముల మైత్రిని గూర్చినది కాదు.

నకమారో 717లో, నిండు యౌవనమున, విద్యార్థియై సముద్రము దాటి, ఆనాడు చాంగాన్ అనబడిన ఈ నగరమునకే వచ్చెను. చదువు ముగించి, తాంగ్ కొలువున ఉద్యోగియై, చావో హెంగ్ అను పేరు దాల్చి, అచటి కవులతో చెలిమి చేసెను. 753లో స్వదేశమునకు బయలుదేరగా, ఓడ తుపానులో చిక్కి, నేటి వియత్నాము దిక్కునకు కొట్టుకొనిపోయెను. ఆతడు మరణించెనను వదంతి విని లీ బాయ్ శోకించి పద్యము వ్రాసెను. కాని నకమారో బ్రదికియే యుండెను! తిరిగి చాంగాన్ చేరి, 770లో నచటనే కన్నుమూసెను. కన్నతల్లి నేలను మరల చూడనే లేదు.

కావున ఒక పద్యము ఇంటిబెంగ. రెండవది పొరపాటున ఏడ్చిన ఏడుపు. వీనిని మైత్రీచిహ్నముగా నిలుపుట న్యాయమా? 1937 మొదలు 1945 వఱకు ఈ రెండు దేశములును ఘోరముగా పోరినవి. అప్పుడును ఈ పద్యములున్నవి. ఒక్క కత్తినైనను అవి యాపలేదు. 1972లో రాయబారములు కుదిరిన పిదప, 1974లో నారా, షియాన్ నగరములు సోదరనగరములైన పిదప గాని ఈ రాయి లేవలేదు. జపానులోని అరషియామాలో 1979లోనే నిలిపిన చౌ ఎన్ లై పద్యశిల సంగతియు నిట్టిదే. వానలో తిరిగిన విద్యార్థి 1919లో వ్రాసికొన్న మాటలవి. ఆనాడాతడు ఏ దేశమునకును ప్రతినిధి కాడు.

రాజ్యములు వ్యక్తుల కన్నీటిని అప్పు తెచ్చుకొనుచున్నవని నా యభిప్రాయము. అప్పు తప్పు కాదు. దేశమునకు ఏడ్చుటకు కన్నులు లేవు గదా. అది ఎవరి సొమ్మో మఱచుట మాత్రము తప్పు. లీ బాయ్ జపాను కొఱకు విలపింపలేదు, తన మిత్రుని కొఱకు విలపించెను.

నకమారో ద్రోహియా యను ప్రశ్న మనబోటి వారికి కొత్త కాదు. ఇంట నొక భాష, వీధిలో నొక భాషగా తరములు గడపిన కుటుంబములవారు, ఏ యూరు మీదని యడిగినప్పుడు క్షణకాలము తడబడుట నేనెఱుగుదును. కొలువిచ్చిన నేలపై కృతజ్ఞత, కన్న నేలపై బెంగ, ఇవి ఒకదాని నొకటి తినివేయునవి కావని నకమారో బ్రతుకు చూపుచున్నది. కావేరి యొడ్డున త్యాగరాజు తెలుగున పాడిన కృతులను, ఏటేట పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారున తమిళ గాయకులు గొంతెత్తి పాడుదురు. అచట ఎవరు ఎవరికి అతిథులో చెప్పగలవారెవరు?

చంద్రుని చూచి తన యూరి మికసా కొండను తలచుకొన్న నకమారో పద్యము, జపానులో నూరు పద్యముల సంకలనమున చేరినది. నూతన సంవత్సర దినములలో ఆ నూరింటితో చీట్లాట యాడుదురు. ఒకరు పద్యము నెత్తుకొనగనే, చాపపై పరచిన చీట్లలో దాని ముగింపు వ్రాసియున్న చీటి కొఱకు పిల్లలును పెద్దలును ఒక్కసారిగా చేతులు చాచుదురు.